దోటి కర్రకు కట్టిన దీపం: పాత సినిమా తారల ఫొటోల వెనక ఒక ప్రాజెక్టు డైరీ

నవంబర్ 9

మొన్న అమ్మమ్మ ట్రంకు పెట్టె ఖాళీ చేస్తుంటే, అడుగున పరిచిన పాత పేపర్ల కింద ఒక బొమ్మ దొరికింది. ఏదో పత్రికలోంచి కత్తెరతో జాగ్రత్తగా కత్తిరించి దాచుకున్నది. కాంచనమాల. ‘గృహలక్ష్మి’ (1938), ‘మళ్ళీ పెళ్ళి’ (1939), ‘బాలనాగమ్మ’ (1942) సినిమాల కాంచనమాల. మా తెనాలి వైపు మనిషి. కాగితం పసుపురంగుకు తిరిగి మడతల దగ్గర చిట్లిపోయింది. అయినా ఆ ముఖం మీంచి చూపు తిప్పుకోలేకపోయాను. ఆ సినిమాలు నేను చూడలేదు, కాబట్టి అభిమానం అనుకోవడానికి లేదు. మరి ఏమిటి?

మా ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేసింది: “అందగత్తె కాబట్టి.” కావచ్చు. కానీ నా ఫోన్‌లో అందమైన ముఖాలు రోజుకు వంద కనిపిస్తాయి. రెండో నిమిషానికి ఒక్కటీ గుర్తుండదు. ఆ బొమ్మ కింద ఆమె పేరుంది. తీసినవాడి పేరు లేదు. ఆ సంగతీ బుర్రలో తిరుగుతూనే ఉంది.

నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. అర్థం కానిది ఎదురైతే విప్పి చూసే అలవాటు. అలాంటి ఫొటో ఒకటి నేనే తీసి చూద్దామనుకున్నాను. కంప్యూటర్లో ఫిల్టర్ వేసి కాదు, వాళ్ళు తీసినట్టే. ఖర్చు పదివేలు దాటకూడదని ఇంట్లో ఒప్పందం కుదిరింది.

నవంబర్ 16

వారమంతా రాత్రిళ్ళు పాత ఫొటోలు చూడటమే పని. ఈ తరహాకు పుట్టిల్లు 1930ల నాటి హాలీవుడ్. అక్కడ ప్రతి స్టూడియోకీ సొంత స్టిల్స్ విభాగం ఉండేది. తారలు జీతం మీద పనిచేసే రోజులవి. షూటింగ్ లేనప్పుడు వాళ్ళను పోర్ట్రెయిట్ గదికి పంపేవారు. ఆ ఫొటోలు పత్రికలకు, థియేటర్లకు, ఉత్తరం రాసిన అభిమానులకు వెళ్ళేవి. ఒక్క మాటలో చెప్పాలంటే ప్రచార సామగ్రి. వారం పోతే చెత్తబుట్టలో పడాల్సినవి.

నేను పట్టుకున్న గురువు జార్జ్ హరెల్. 1904లో అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో పుట్టాడు. చిత్రకారుడు కావాలనుకుని 1925లో కాలిఫోర్నియా తీరానికి చేరి, పొట్టకూటి కోసం కెమెరా పట్టాడు. విమానాలు నడిపే పాంచో బార్న్స్ అనే ఆవిడ ద్వారా నటుడు రామన్ నొవారో పరిచయమయ్యాడు. హరెల్ అతనికి తీసిన ఫొటోలు నటి నార్మా షీరర్ కంట పడ్డాయి. అప్పటిదాకా ఆమెవన్నీ బుద్ధిమంతురాలి వేషాలే. ఘాటైన పాత్ర ఒకటి కావాలి, ఇవ్వాల్సినవాడు ఎంజీఎం స్టూడియో పెద్దల్లో ఒకడైన సొంత మొగుడు ఇర్వింగ్ థాల్బెర్గ్. ఆయనకే నమ్మకం లేదు. 1929లో ఆమె హరెల్ దగ్గరికి వెళ్ళి ఫొటోలు తీయించుకుని మొగుడి ముందు పెట్టింది. పాత్ర వచ్చింది, ఆ పాత్రకు ఆస్కార్ కూడా వచ్చింది. హరెల్‌కు ఎంజీఎంలో ఉద్యోగం వచ్చింది. ఇంట్లో మాటతో కాని పని ఫొటోతో అయిందన్నమాట.

పాత ఫొటోలో దీపం ఎక్కడుందో కనిపెట్టడానికి కళ్ళలోకి చూడాలి. నల్లగుడ్డు మీద మెరిసే చుక్క దీపం ప్రతిబింబం. హరెల్ ఫొటోల్లో ఆ చుక్క చాలాసార్లు పైన ఉంటుంది, చిన్నగా ఉంటుంది. ముక్కు నీడ పై పెదవి వైపు దిగుతుంది, రెప్పవెంట్రుకల నీడలు బుగ్గల మీద పడతాయి. ఆ నీడల అంచులు కత్తితో కోసినట్టుంటాయి. నేను ఇన్నాళ్ళూ గ్లామర్ అంటే మెత్తటి వెలుగు అనుకున్నాను. పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫర్లు పట్టే తెల్ల గొడుగు వెలుగులాంటిది. కాదు. ఇది కటికి వెలుగు.

నవంబర్ 23

కటికి వెలుగును చెదరకుండా ఒకచోట పడేయాలంటే ఫ్రెనెల్ లెన్సు కావాలి. ఫ్రెంచి శాస్త్రవేత్త ఆగస్టిన్ ఫ్రెనెల్ లైట్‌హౌస్‌ల కోసం తయారుచేసింది. 1823లో కోర్డువాన్ దీపస్తంభంలో మొదట వెలిగింది. మందపాటి గాజు లెన్సును చక్రాలు చక్రాలుగా కోసి, లోపలి దండగ గాజు తీసేసి, పల్చగా పరిచినట్టుంటుంది. హాలీవుడ్ స్టూడియో దీపాల్లో చాలావాటికి ముందు ఇదే ఉండేది. కొత్త సినిమా ఫ్రెనెల్ లైటు ధర అడిగి ఫోన్ పెట్టేశాను.

అప్పుడు గుర్తొచ్చింది, మా కాలేజీ స్టోర్ రూమ్‌లో మూలపడ్డ ఓహెచ్‌పీ. ప్లాస్టిక్ షీట్ల మీద రాసి గోడ మీద చూపించేవాళ్ళమే, ఆ పెట్టె. దాని పైగాజు కింద ఉండేది పలక సైజు ప్లాస్టిక్ ఫ్రెనెల్ లెన్సే! పాత సామాను కాటాకు వేయబోతున్నారని తెలిసి, అడిగి తెచ్చుకున్నాను. విప్పితే ఒకటి కాదు, రెండు లెన్సులు. ఈ రోజుకిదే పండగ.

నవంబర్ 30

పండగ ముగిసింది. పెళ్ళిళ్ళలో వాడే 500 వాట్ల హాలోజన్ ఫోకస్ లైటు అద్దెకు తెచ్చి, నూనె డబ్బా రేకుతో పెట్టె చేసి, ముందు లెన్సు బిగించాను. వెలుగు అద్భుతం. పన్నెండు నిమిషాలకు ప్లాస్టిక్ కాలిన వాసన. లెన్సు మధ్యలో అప్పడంలా పొంగింది. ఫిజిక్స్ లెక్చరర్‌ని అని చెప్పుకోవడానికి సిగ్గేసింది.

రెండో లెన్సు ఉంది కాబట్టి సరిపోయింది. ఈసారి 100 వాట్ల ఎల్ఈడీ చిప్పు, వెనక కంప్యూటర్ హీట్‌సింకు, చిన్న ఫ్యాను. చిప్పును లెన్సు ఫోకస్ దగ్గర పెడితే గోడ మీద వెలుగు ఇరుకై, చిప్పులోని పసుపు చుక్కల వరసలు కూడా కనిపించాయి. కాస్త ముందుకు జరిపి, చిప్పు మీద వేలెడంత ట్రేసింగ్ పేపర్ అంటించగానే చుక్కలు మాయమయ్యాయి. లెన్సుకు దగ్గరగా జరిపితే వెలుగు విచ్చుకుంటుంది, దూరం జరిపితే ముడుచుకుంటుంది. చిప్పును డ్రాయరు పట్టాల మీద ఎక్కించాను, అటూ ఇటూ జరపడానికి. ఇప్పటివరకు ఖర్చు 3,400, కాలిన లెన్సు కాక.

డిసెంబర్ 7

దీపాన్ని తల పైకి, కాస్త ముందుకు చాపాలి. స్టాండు ఫొటోలో పడకూడదు. ఇందుకు హరెల్ మైకు వేలాడదీసే బూమ్ కర్రలాంటి దానికి దీపం కట్టాడు. పోర్ట్రెయిట్‌కు బూమ్ లైటు అనగానే ఆయన పేరే చెబుతారు. మా ఇంట్లో బూమ్ లేదు గానీ మామిడికాయలు కోసే దోటి ఉంది. చివర చిక్కం విప్పేసి దీపం కట్టాను. కర్ర మధ్యను నిచ్చెనకు కట్టి, రెండో చివర ఇసుక సంచి. మొదటిసారి సంచి జారి, దీపం నేలకు దిగబోయి ఆఖరి క్షణంలో మా ఆవిడ చేతికి చిక్కింది. ఆ తర్వాత రెండు సంచులు.

మాట్లాడని, కదలని మోడల్ కావాలని బంధువుల బట్టల షాపు నుంచి బొమ్మ తల తెచ్చాను. రాత్రి చీకటి గదిలో దాని మీద దీపం తిప్పుతూ రెండు గంటలు కూర్చున్నాను. దీపం సరిగ్గా ముక్కు ఎదురుగా, పైన ఉంటే ముక్కు కింద సీతాకోకచిలుకలాంటి చిన్న నీడ పడుతుంది. పారామౌంట్ స్టూడియో వాళ్ళు నటి మార్లీన్ డీట్రిచ్‌కు వేసినది ఇదే. దర్శకుడు స్టెర్న్‌బెర్గ్ ఆమె ముఖానికి ఆ వెలుగునే అచ్చొచ్చిన వెలుగుగా ఖాయం చేశాడు. బుగ్గలు లోపలికి పోయి ఎముకలు పైకి లేస్తాయి. జానెడు పక్కకు జరిపితే అదే బొమ్మ ఏదో దాస్తున్నట్టుంటుంది. ఇంకో జానెడు, ఏడవబోతున్నట్టుంటుంది. ప్లాస్టిక్ తల! దానికి మనసెక్కడిది? ఈ డైరీలో ఇంతకన్నా పెద్ద సంగతి రాయగలనో లేదో తెలియదు.

మధ్యరాత్రి నీళ్ళు తాగడానికి లేచిన మావాడు ఆ తల చూసి కేకపెట్టడంతో ప్రయోగం అక్కడితో ఆపాల్సి వచ్చింది.

డిసెంబర్ 14

డిజిటల్ కెమెరాతో మా ఆవిడను తీశాను. వెలుగు కుదిరింది, నీడలు కుదిరాయి. ఫొటో మాత్రం టీవీ సీరియల్ విలన్‌లా ఉంది. చర్మం మీద ప్రతి రంధ్రం లెక్కపెట్టొచ్చు. “డిలీట్ చేస్తావా, దోటి విరగ్గొట్టనా” అంది. డిలీట్ చేశాను.

కటికి వెలుగు నీడను చెక్కినట్టే ముడతనూ చెక్కుతుంది. మరి వాళ్ళ ముఖాలు పాలరాయిలా ఎలా ఉన్నాయి? నటి జోన్ క్రాఫర్డ్‌కు ముఖం నిండా గోధుమరంగు మచ్చలుండేవి. 1931లో హరెల్ తీసిన ఆమె ఫొటో ఒకటి రెండు రకాలుగానూ దొరుకుతుంది, దిద్దకముందు, దిద్దాక. ముందుదానిలో నుదురు, బుగ్గలు చుక్కలమయం. తర్వాతిదానిలో ఒక్క చుక్క లేదు, కానీ ముఖం మైనపుముద్ద కాలేదు. ఇది దీపం పని కాదు. నెగెటివ్ మీద పెన్సిల్ పట్టుకుని గంటలు గంటలు కూర్చున్న రీటచర్ పని. పెద్ద సైజు నెగెటివ్ లేకపోతే ఈ పని కుదరదు. హరెల్ వాడింది 8x10 అంగుళాల షీటు. అంటే నాకు ఫిల్మ్ కావాలి, అది కూడా పెద్దది.

డిసెంబర్ 21

మా ఊళ్ళో ఒకప్పుడు స్టూడియో నడిపిన మాస్టారు ఒకాయన ఉన్నారు. ఎనభై దాటాయి. వెళ్ళి సంగతి చెప్పగానే నవ్వి, అటక మీంచి హాఫ్ ప్లేటు చెక్క కెమెరా దింపించారు. తోలు తిత్తి మీద రెండు చిల్లులకు నల్ల టేపు వేస్తే చాలన్నారు. “మద్రాసు నుంచి వచ్చే స్టిల్స్ చూసే మేం లైటింగ్ నేర్చుకున్నాం. పెళ్ళిచూపుల ఫొటో కోసం వచ్చిన ప్రతి అమ్మాయీ సావిత్రిలా పడాలనేది. పడేలా చేసేవాణ్ణి” అన్నారు.

“వాటి మీద మీ పేరు ఉండేదా మాస్టారూ?”

“స్టూడియో ముద్ర ఉండేది. పేరెందుకు, అమ్మాయి బాగుంటే చాలు.”

మా కాంచనమాల ఫొటో చూపించాను. భూతద్దం పెట్టి చాలాసేపు చూసి, గడ్డం కింద వేలు పెట్టి “ఇక్కడ పెన్సిల్ పడింది, చూడు” అన్నారు. నాకు కనిపించలేదు. ఆయనకు కనిపించింది.

హాలీవుడ్‌లోనూ ఇదే కథ. స్టూడియోలు పాత నెగెటివ్‌లను అడ్డమని పారేశాయి. ఆ ఫొటోగ్రాఫర్లను జనం మరిచిపోయారు. జాన్ కోబల్ అనే ఒక సినిమా పిచ్చోడు వాటిని ఏరి పోగుచేసి, బతికున్నవాళ్ళను వెతికి పట్టుకుని, కొత్త ప్రింట్లు వేయించి, మ్యూజియం గోడలెక్కించాడు. ఎంజీఎంలో హరెల్ కన్నా ముందే 1925 నుంచి పోర్ట్రెయిట్ గది నడిపిన రూత్ హారియట్ లూయిస్ అనే అమ్మాయి ఉంది. చేరేనాటికి ఇరవై రెండేళ్ళు. నటి గ్రెటా గార్బోను మొదట్లో తీర్చింది ఆమే. ఐదేళ్ళు పనిచేసి వెళ్ళిపోయింది. కోబల్‌లాంటివాళ్ళు లేకపోతే ఆమె పేరు నాకు తెలిసేదే కాదు. మనకు అలాంటి పిచ్చోడు ఇంకా పుట్టలేదు. ‘పాతాళభైరవి’, ‘మాయాబజార్’ సినిమాలకు కెమెరా పట్టిన మార్కస్ బార్ట్లీ పేరు తెరమీద ఉంది కాబట్టి గుర్తుంది. అదే సెట్లో పక్కన నిలబడి స్టిల్స్ తీసినవాళ్ళ పేర్లు ఎంతమందిమి చెప్పగలం?

డిసెంబర్ 28

ఫిల్మ్ సమస్యకు మందుల షాపు వీధిలో జవాబు దొరికింది: ఎక్స్‌రే ఫిల్మ్. ఆకుపచ్చ వెలుగుకు స్పందించే రకం. అసలు ఫొటో ఫిల్మ్ ధరలో పదో వంతు కూడా లేదు. పైగా ఎరుపు దీని కంటికి ఆనదు, కాబట్టి బాత్‌రూమ్‌లో ఎర్ర బల్బు వేసుకుని చూస్తూ కడుక్కోవచ్చు. సినిమా తొలిరోజుల్లో వాడిన ఆర్థోక్రొమాటిక్ ఫిల్మ్ గుణం కూడా సరిగ్గా ఇదే. 8x10 షీటును ఎర్ర వెలుగులో కత్తిరిస్తే రెండు హాఫ్ ప్లేటులు వస్తాయి.

మొదటి నాలుగు షీట్లు చెత్తబుట్టకే. ఎక్స్‌రే ఫిల్మ్‌కు రెండు వైపులా మందు పూత ఉంటుంది. స్టీలు పళ్ళెంలో కదిలిస్తే అడుగు రాసుకుని పిల్లి గీరినట్టు గీతలు. పళ్ళెం అడుగున గాజు పలక వేశాక తగ్గాయి. ఎక్స్‌రే డెవలపర్‌ను వాళ్ళు చెప్పిన పాళ్ళలో కలిపితే అంతా బొగ్గూ సున్నమే. ఐదు రెట్లు నీళ్ళు పోస్తే దారికొచ్చింది. అనుకోకుండా ఒక లాభం కూడా దక్కింది. ఈ ఫిల్మ్‌లో వెలుగు వెనక్కి తిరిగి రాకుండా ఆపే పొర లేదు. అందువల్ల బాగా మెరిసేచోట చుట్టూ చిన్న కాంతివలయం వస్తుంది. జుట్టు అంచులు దీపం వత్తిలా వెలుగుతాయి.

ఐదో షీటులో మా ఆవిడ బాగానే పడింది. ఒక్కటే చిక్కు, బొట్టు నల్లగా వచ్చింది. ఎరుపు ఫిల్మ్‌కు కనబడదు, కనబడనిది ప్రింటులో నలుపు. మెరూన్ చీర బొగ్గుముద్దలా చీకట్లో కలిసిపోయింది. “మొన్న విలన్‌ని, ఇవాళ మంత్రగత్తెని” అని లేచిపోయింది. నాకు కొత్త మోడల్ కావాలి.

జనవరి, కనుమ రోజు

పండక్కి పెద్దమ్మ, పెద్దనాన్న వచ్చారు. కనుమ నాడు కాకైనా కదలదంటారు కాబట్టి ఇవాళ వాళ్ళు ప్రయాణం కట్టే వీల్లేదు. పొద్దున్నే అడిగేశాను.

“నన్నా? డెబ్బై ఒకటి వచ్చాయి రా నాన్నా. కోడలు లేదూ?”

“కోడలు రాజీనామా చేసింది పెద్దమ్మా.”

చిలకాకుపచ్చ పట్టుచీర కట్టుకోమన్నాను. ఆకుపచ్చ ఈ ఫిల్మ్‌కు బాగా తెలుస్తుంది. రవ్వల దుద్దులు, ముక్కుపుడక ఉండనిమ్మన్నాను. పౌడర్ దగ్గర గొడవైంది. హరెల్ ముఖానికి పౌడర్, మేకప్ వద్దనేవాడు. కళ్ళు, పెదవులు దిద్దుకుంటే చాలు, చర్మం నూనె రాసినట్టు నిగనిగలాడాలి. అప్పుడే నుదురు, బుగ్గ ఎముక, ముక్కు గీత వెలుగును పట్టుకుంటాయి. పౌడర్ ఆ మెరుపును చంపేస్తుంది. ఇదంతా చెబితే పెద్దమ్మ “నూనె ముఖంతో ఫొటో ఏమిట్రా, మీ పెద్దనాన్న చూస్తే నవ్వుతారు” అంది. ఆఖరికి రెండు చుక్కల కొబ్బరినూనెకు ఒప్పుకుంది.

ఎక్స్‌పోజరు దాదాపు ఒక సెకను. అంతసేపు కదలకూడదు, బిగుసుకోకూడదు. హరెల్ గ్రామఫోను మోత మోగించి, గంతులేసి, కేకలు పెట్టి ఎదుటివాళ్ళను కుదుపుతూ ఉండేవాడట. నేను ఘంటసాల పెట్టాను. పెద్దమ్మ కూడా అందుకుంది. పెదవులు కదిలాయి, రెండు షీట్లు వృథా. పాట ఆపేశాను. అప్పుడు ముఖం పాస్‌పోర్టు ఫొటో అయిపోయింది. నవ్వమంటే గ్రూపు ఫొటో నవ్వు.

ఆరో షీటు పెట్టి, లెన్సు మూత తీయబోతున్నాను. వంటింట్లో కుక్కర్ కూసింది. పెద్దమ్మ తల తిప్పలేదు. కళ్ళు మాత్రం పైకి, ఎడమకు లేచాయి. గడ్డం వెంట్రుకవాసి ఎత్తింది. పెదవులు విడీ విడనట్టు ఆగాయి. ఊపిరి కూడా ఆగినట్టుంది. నేను మూత తీసి, ఒకటి లెక్కపెట్టి, పెట్టేశాను.

“మూడు కూసింది రా, కట్టెయ్యమను. మాంసం మెత్తబడిపోతుంది” అంది.

సాయంత్రం నెగెటివ్ కడిగి చూస్తే ఒళ్ళు జలదరించింది. ఎక్కడో దూరంగా, మనకు తెలియని దేన్నో వింటున్న మనిషి. 1933లో ‘క్వీన్ క్రిస్టినా’ ఆఖరి షాటుకు దర్శకుడు మమూలియన్ గ్రెటా గార్బోతో ఏమీ ఆలోచించవద్దు, ముఖం ఖాళీగా ఉంచు అన్నాడని చదివాను. ఓడ ముందు నిలబడ్డ ఆ ముఖంలో దుఃఖం, త్యాగం, గర్వం అన్నీ చూసేసి జనం కళ్ళు తుడుచుకున్నారు. ఖాళీని నింపింది చూసేవాళ్ళే. అమ్మమ్మ కత్తిరించి దాచుకున్న ఫొటోలోనూ కాంచనమాల ఏ కుక్కర్ కూత వింటోందో ఎవరికి తెలుసు! ఫోన్ ఫొటోలన్నీ నా వైపే చూసి నవ్వుతాయి, నేను నింపడానికి వాటిలో ఏమీ మిగలదు. ఇందులో సగం ముఖం చీకట్లో ఉంది, చూపు ఇంకెక్కడో ఉంది. ఆ సగం నాకు వదిలేశారు.

జనవరి 18

పెద్దమ్మ ఇంకా ఇక్కడే ఉంది. ఇంకో ప్రయత్నం. కటికి వెలుగులో కళ్ళ కింద గుంటలు మరీ లోతుగా పడుతున్నాయి. దీనికి మెర్ల్ ఓబెరాన్ కథ పనికొచ్చింది. బొంబాయిలో పుట్టి, ఆ సంగతి జీవితాంతం దాచి, హాలీవుడ్‌లో తారగా వెలిగిన మనిషి. 1937లో లండన్‌లో కారు ప్రమాదమై ముఖానికి గాయాలయ్యాయి. తర్వాత ‘ద లాడ్జర్’ (1944) తీసేటప్పుడు కెమెరామన్ లూసియన్ బాలార్డ్ చిన్న దీపం ఒకటి కెమెరాకు ఆనించి నేరుగా ముఖం మీద వేశాడు. ఎదురుగా వచ్చిన వెలుగు గుంటల్లోకి దూరి మచ్చల నీడలను చెరిపేస్తుంది. దానికి ‘ఓబీ’ అని ఆమె పేరే పెట్టారు. మరుసటేడు ఇద్దరూ పెళ్ళి కూడా చేసుకున్నారు.

నేను లెన్సు పక్కన ఏడు వాట్ల బల్బు, ముందు బటర్ పేపర్ పెట్టాను. గుంటలు తేలికపడ్డాయి, కళ్ళలో రెండో చుక్క మెరిసింది. కానీ కనుమ నాటి చూపు మళ్ళీ రాలేదు. కుక్కర్ ఖాళీగా పెట్టి కూడా చూశాం. ఇప్పుడు పెద్దమ్మకు అది తెలిసిపోయింది, వింటున్నట్టు నటిస్తోంది.

ఫిబ్రవరి 1

రెండు వారాలుగా సాయంత్రాలు మాస్టారి దగ్గరే. రీటచింగ్ బల్ల అంటే ఏటవాలు చెక్క, మధ్యలో గరుకు గాజు, కింద కిటికీ వెలుగును పైకి తిప్పే అద్దం. నెగెటివ్ మీద ఉట్టి పెన్సిల్ పట్టదు, జారిపోతుంది. అందుకని డామర్ బంకను టర్పెంటైన్‌లో కరిగించిన మందు దూదితో పల్చగా పూయాలి. పెన్సిల్ ములుకును ఎమరీ కాగితం మీద సూదిలా అరగదీయాలి.

సూత్రం చిన్నదే. ముడత అంటే సన్నటి నీడ. నెగెటివ్‌లో అది పారదర్శకమైన గీత. ఆ గీతను పెన్సిల్‌తో పూడిస్తే ప్రింటులో తెల్లబడి పక్క చర్మంలో కలిసిపోతుంది. దీనికి ఎదురు పని కావాలంటే కత్తి. నెగెటివ్ మీది నలుపును గోకితే ప్రింటులో అక్కడ నల్లబడుతుంది. పెన్సిల్ వెలుగునిస్తుంది, కత్తి నీడనిస్తుంది. కత్తి జారితే మాత్రం దిద్దుబాటు లేదు.

నేను గీతలు గీశాను. మాస్టారు తల అడ్డంగా ఊపారు. “గీత గీస్తే గీతే కనిపిస్తుంది. కామాలు పెట్టు. సున్నాలు చుట్టు. చర్మం ఎటు తిరిగితే చెయ్యి అటు తిరగాలి.” ఆయన చెయ్యి కప్పు పట్టుకుంటే వణుకుతుంది, పెన్సిల్ పట్టుకుంటే వణకదు. ఎడమ కంటి కింద అంగుళం మేర ఆయన దిద్దారు, నలభై నిమిషాలు. కుడి కంటి కింద నేను దిద్దాను, మూడు సాయంత్రాలు. నల్లగా వచ్చిన బొట్టును కూడా పెన్సిల్‌తోనే తేలిక బూడిదరంగుకు తెచ్చాం. మొత్తం పోగొట్టొద్దని మాస్టారి హెచ్చరిక. నోటి పక్క గీతలను సగానికి తగ్గించారు, పూర్తిగా తీయలేదు. “ఇవి తీస్తే ఆవిడ కాదు, ఆవిడ చెల్లెలు.” ఆ చెల్లెలు మా అమ్మే. నాకు నవ్వాగలేదు.

కంప్యూటర్లో ఒక్క నొక్కుతో చర్మం నున్నబడుతుంది. ఆ నొక్కుకు ఏది ముడతో ఏది పెద్దమ్మో తెలియదు. మాస్టారికి తెలుసు. తేడా నాకు ఇంతే కనిపిస్తోంది.

ఫిబ్రవరి 15

ప్రింట్లు రెండు వేశాను. కాగితం నెగెటివ్‌కు ఆనించి, గాజు కింద అదిమి, బల్బు నాలుగు సెకన్లు. దిద్దకముందు తీసిన కాపీ నెగెటివ్ నుంచి ఒకటి, దిద్దాక ఒకటి. మనసులో నాకు మొదటిదే ఇష్టం. డెబ్బై ఒక్క ఏళ్ళ ముఖం, ప్రతి గీతా ఉంది, నిజాయితీగా ఉంది. పెద్దమ్మ కూడా అదే ఎంచుకుంటుందని, దాని మీద డైరీలో నాలుగు గొప్ప వాక్యాలు రాయొచ్చని కూడా అనుకున్నాను.

రెండూ బల్ల మీద పెట్టాను. కళ్ళజోడు తుడుచుకుని మొదటిది చూసి పక్కన పెట్టేసింది. రెండోది కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది.

“ఇది ఫ్రేము కట్టించు.”

“మొదటిది అసలు నువ్వు కదా పెద్దమ్మా?”

“అసలు నన్ను రోజూ పొద్దున్నే అద్దంలో చూస్తూనే ఉన్నా కదరా. మళ్ళీ గోడ మీద కూడా ఎందుకు?” ఫొటో ఇంకాస్త దూరం పెట్టి చూసింది. “ఇంతకీ ఏం ఆలోచిస్తున్నానో అప్పుడు?”

“మూడో కూత.”

“ఛ, కాదులే” అంది. నమ్మలేదు.

ప్రింటు వెనక పెన్సిల్‌తో పెద్దమ్మ పేరు, నా పేరు, మాస్టారి పేరు, తేదీ రాశాను. కాంచనమాల బొమ్మను కూడా పక్క ఫ్రేములో పెట్టాను. దాని వెనక రాయడానికి నాకు తెలిసిన పేరు ఒక్కటే.

మొత్తం ఖర్చు 9,150. పెట్టెలో ఇంకా పదమూడు షీట్లున్నాయి. ఫ్రేము చూసినప్పటి నుంచి పెద్దనాన్న నా చుట్టూ తిరుగుతున్నారు. రాత్రి మెల్లగా అడిగారు: “ఆ పెన్సిల్‌తో ముందువైపు కాస్త జుట్టు కూడా వేయొచ్చేమిట్రా?”

“పెన్సిల్‌తో వచ్చేది తెల్లజుట్టే పెద్దనాన్నా. నల్లజుట్టు కావాలంటే కత్తి పట్టాలి.”

“మీ మాస్టారి చేత పట్టించు. నువ్వు మాత్రం పట్టకు” అన్నారు.